పోయే రైలు... వచ్చే రైలు

2020 మే 1. లాక్‌డౌన్‌ వేళ దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు హైదరాబాద్ శివారులోని లింగంపల్లి నుంచి కదిలింది. సుమారు 1200 మంది వలస కూలీలతో జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. సరిగ్గా వారం తిరిగేసరికి అదే స్టేషన్లో మరో రైలు ఆగింది. ఈసారి దిగింది బిహార్‌లోని ఖగారియా నుంచి వచ్చిన 222 మంది రైస్‌మిల్లు హమాలీలు! హోలీకి ఊరెళ్లి చిక్కుకుపోయిన వాళ్లకు ఇక్కడ పూలిచ్చి మరీ స్వాగతం పలికారు.

ఎందుకంత మర్యాద? అది యాసంగి ధాన్యం మిల్లులకు పోటెత్తే సమయం. బస్తా దించే మనిషి లేకపోతే లారీ కదలదు. లారీ కదలకపోతే కొనుగోలు కేంద్రంలో కాంటా ఆగుతుంది. కాంటా ఆగితే రైతు చేతికి డబ్బు రాదు!

మరి స్థానికులేమయ్యారు? వాళ్లదీ వలస బాటే. పాలమూరు కూలీలు దేశం నలుమూలలా ప్రాజెక్టులకు మట్టి మోశారు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల యువకులు గల్ఫ్ విమానం ఎక్కారు. ఒక ఊళ్లో ఖాళీ అయిన చోటికి మరో ఊరి నుంచి మనిషి వస్తాడు.

‘బయటివాళ్లొస్తే కూలి రేటు పడిపోతుంది’ అన్న భయం ఉత్తదేం కాదు. బిహార్, బెంగాల్ ముఠాలు ఎకరాల లెక్కన నాట్లు గుత్తకు పట్టుకుంటుంటే, నాట్ల కూలినే నమ్ముకున్న ఊరి ఆడవాళ్లకు బేరమాడే బలం తగ్గుతుంది. పంజాబ్‌లో 2020లో ఇందుకు తిరకాసు జరిగింది. వలస కూలీలు రాలేదు, నాటు రేటు పెరిగింది. కానీ కథ అక్కడితో ఆగలేదు. చాలామంది రైతులు నాట్లే మానేసి యంత్రాలతో నేరుగా విత్తనం వేశారు. పెరిగిన రేటు అందుకునే పనే తగ్గిపోయింది!

కాబట్టి తేల్చుకోవాల్సింది ఎవరొచ్చారని కాదు, ఎంత కూలికి వచ్చారని. ఒకే పనికి స్థానికుడితో సమానంగా వేతనం ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. కొత్తవాడు చవగ్గా దొరికితేనే పాతవాడి కూలికి గండి. ఇద్దరికీ ఒకే రేటు పడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

దుబాయ్‌లో ఉన్న కొడుక్కి జీతం పూర్తిగా అందాలని మొక్కుకునే జగిత్యాల తల్లికి ఈ సంగతి వేరే చెప్పాలా!