బొట్టు బొట్టుగా

శివలింగం మీద వేలాడే ధారాపాత్రను చూడనివారు మనలో ఉండరు. చుక్క తరువాత చుక్క. తొందర లేదు, ఆగడమూ లేదు. చెట్టుకూ ఇలాగే నీరు పెడితే మేలని 1930 దశకంలో సిమ్చా బ్లాస్ అనే యూదు ఇంజనీరుకు తోచిందట. కారుతున్న గొట్టం పక్కనున్న చెట్టొకటి మిగతావాటికంటె ఏపుగా ఎదగడం ఆయన కంటపడింది. 1965లో ఇజ్రాయెల్‌లో ఆ పరికరాలకోసం కంపెనీయే వెలిసింది.

మన ఉమ్మడి రాష్ట్రమూ 2003లో పథకం పెట్టి సబ్సిడీ ఇచ్చింది. అనంతపురం చీనీతోటల్లో ఇప్పుడు నల్లని సన్నగొట్టాలు కనిపిస్తాయి. చెట్టు మొదట్లో గంటకు రెండు, నాలుగు లీటర్లు మాత్రమే కారుతాయి. కాలవ కట్టి పారిస్తే ఎండకూ కలుపుకూ పోయే నీరు ఇక్కడ వేరుకే చేరుతుంది.

బాగానే ఉంది. మరి మిగిలిన నీటిని రైతు ఏం చేస్తాడు? పక్క రెండెకరాల్లోనూ మొక్కలు నాటుతాడు. బోరు మాత్రం ఎప్పటిలాగే తోడుతూనే ఉంటుంది. అతన్ని నేను తప్పుపట్టను. అప్పులున్నవాడు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యవలసినవాడు. జీతం పెరిగిన నెలలోనే ఖర్చూ పెంచే మనకు ఈ లెక్క తెలియనిదా?

అందుకే గొట్టంతోబాటు పద్దు కూడా కావాలంటాను. 2009 దాకా సాగిన ఒక పథకంలో అనంతపురం జిల్లా రైతులే వానను, బావుల మట్టాన్ని కొలుచుకుని, ఏ పంట వెయ్యాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంటి ఇల్లాలు బియ్యపుడబ్బాలో చూసి ఎసరు పెట్టినట్టే! చెట్టు దగ్గర మిగిల్చింది భూమిలో మిగిలితేనే కదా పొదుపు?