స్టైపెండ్ ఆగినా ఈఎంఐ ఆగదు

బంజారాహిల్స్‌లో ఆస్పత్రి దాటితే కార్ల షోరూమ్, అది దాటితే నగల దుకాణం. నైట్ డ్యూటీ దిగిన పీజీ డాక్టరుకు ‘డాక్టర్ లోన్’ ఫోన్ వచ్చేదీ ఆ దారిలోనే. షూరిటీ అక్కర్లేదట, పేరు ముందు డాక్టర్ అని ఉంటే చాలట. రెసిడెంటు ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. డ్యూటీ రూములో ఈ మాటంటే నవ్వుతారు. నిద్ర చాలని మనిషి చేత సంతకం పెట్టించడం ఎంతసేపు?

తెలంగాణలో 2025లో స్టైపెండ్ పెంచారు. ఫస్టియర్ పీజీకి నెలకు 58,289 రూపాయలుండేది 67,032 అయింది. తక్కువేం కాదు. కానీ అంతకు ఏడాది ముందు, 2024 జూన్‌లో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగిన కారణాల్లో ఒకటి ఆ స్టైపెండ్ నెలనెలా వేళకు అందకపోవడమే. బ్యాంకు మాత్రం తారీఖు తప్పదు.

మేనేజ్‌మెంట్ సీటు కోసం పొలం అమ్మిన ఇంటి పిల్లలకు నేను చెప్పగలిగింది లేదు, వాళ్ల లెక్క వేరు. నా గొడవంతా “డాక్టరయ్యుండి ఇంకా స్కూటీ ఏమిట్రా” అనే మేనమామలతో. ఆ మాట పడలేక కొన్న కారుకు ఏడేళ్ల వాయిదాలు. పీజీ మూడేళ్లకే అయిపోతుంది. ఆ తర్వాత ఫెలోషిప్‌లో చేరి తక్కువ డబ్బుకు నాలుగు సర్జరీలు నేర్చుకుందామన్నా, ఏడాది కూర్చుని సూపర్ స్పెషాలిటీకి చదువుదామన్నా వాయిదా ఊరుకోదు. ఎక్కువ ప్యాకేజీ ఎక్కడుంటే అక్కడికి లాక్కుపోతుంది.

ఇదే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 చూడండి. గుంటూరులో ఎంబీబీఎస్, ఎయిమ్స్‌లో పీజీ చేసి 1974లో అమెరికా వెళ్లిన గుళ్లపల్లి నాగేశ్వరరావు, రోచెస్టర్ యూనివర్సిటీలో కొలువు వదులుకుని వచ్చి 1987లో ఇక్కడ కంటి ఆస్పత్రి పెట్టారు. దానికి కోటి రూపాయలు, అయిదెకరాలు ఇచ్చింది సినిమాలు తీసిన ఎల్.వి.ప్రసాద్. అంత పెద్ద కొలువు కాదనుకోవడానికి ధైర్యం ఒక్కటే చాలదు, నెత్తిన వాయిదాలు కూడా ఉండకూడదని నా అనుమానం.

అందుకే పీజీలో ఉండగా ఏ ఫండ్ కొనాలని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో ఉంచుకోమని, ఒక టర్మ్ పాలసీ, అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా తీసుకోమని. ఫండ్ల సంగతి తర్వాత. ఇక ఫస్టియర్లోనే పెళ్లి, ఫంక్షన్ హాలుకు అప్పు అంటారా, ఆ పంచాయితీ వచ్చే వారం.