డాక్టరు సలహా: గేటు లోపలి మంచినీళ్లు

ప్రశ్న: కొబ్బరితోట కొట్టేసి వేసిన లేఔటులో ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ, గేటు, వాచ్‌మన్, ఇంటింటికీ బోరు, సెప్టిక్ ట్యాంకు అన్నీ ఉన్నాయి. ఈ నెలలో రెండిళ్లలో పచ్చకామెర్లు వచ్చాయి. మా అమ్మాయికి ఏడో నెల, పురిటికి వచ్చింది. మా బోరు నీళ్లు కొబ్బరినీళ్లలా తేటగా ఉంటాయి. తాగడానికి ఫిల్టరు కూడా ఉంది. అయినా ప్రమాదమేనా?
— ఒక తల్లి, అమలాపురం

జవాబు: ప్రమాదమేనమ్మా. తేటదనాన్ని నమ్మకండి. కామెర్ల వైరస్ కంటికి కనబడదు, రుచికి తెలియదు.

మీది గౌతమి, వశిష్ఠ పాయల నడుమ నేల. కొద్ది అడుగులు తవ్వితే నీరు పడుతుంది. వెనకటి ఇళ్లకు విశాలమైన దొడ్లుండేవి. నుయ్యి ఒక మూల, మరుగుదొడ్డి మరో మూల. ఇప్పుడు రెండువందల గజాల్లో ఇల్లు, కారుషెడ్డు, బోరు, ట్యాంకు! ఇంకుడు గొయ్యికీ మంచినీటి బావికీ నడుమ కనీసం యాభై అడుగులైనా ఉండాలి. ఇసుక నేలల్లో, నీరు పైనే ఉన్నచోట అదీ చాలదు. మీ ట్యాంకును మీ బోరుకు దూరంగానే కట్టించి ఉంటారు. గోడ అవతలి వారి ట్యాంకు మీ బోరుకు ఎంత దూరమో కొలిచారా?

1955-56లో ఢిల్లీ నగరంలో మురుగు కలిసిన కుళాయి నీళ్లవల్ల సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఇ అని తర్వాత తేలింది. మామూలువారికి చాలావరకు అదే తగ్గిపోతుంది. గర్భిణికి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, లివరు చెడి ప్రాణంమీదికి రావచ్చు. అలా జబ్బుపడ్డ గర్భిణుల్లో నూటికి ఇరవై, పాతికమంది దాకా చనిపోయిన సందర్భాలున్నాయి. వైరస్ లోపలికి వెళ్లాక రెండు నుంచి పది వారాలకు గానీ జబ్బు బయటపడదు. కాబట్టి ఇవాళ కులాసాగా ఉందని ఊరుకోకండి.

అమ్మాయి తాగే నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చండి. ఫిల్టరు నీళ్లు తాగి, పళ్లు తోముకోవడానికీ పచ్చడి నూరడానికీ బోరు నీళ్లు వాడితే ఏం లాభం? పానీపూరీ, చెరుకురసం జోలికి పోనివ్వకండి.

వాంతులు, అన్నహితవు లేకపోవడం, మూత్రం పచ్చబడటం కనిపిస్తే ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లి లివరు పరీక్షలు చేయించండి. మగతగా ఉన్నా, రక్తస్రావమైనా క్షణం ఆగకూడదు. కళ్లలో పసరు పోయించడం, సొంతంగా మాత్రలు మింగించడం వద్దు.

మీ కాలనీ సంఘం గేటుకు రంగులు వేయించే ముందు అన్ని బోర్ల నీళ్లూ పరీక్ష చేయించి, పైట్యాంకుల్లో క్లోరిన్ కలిపిస్తే బాగుంటుంది. ఆ రెండిళ్లవారిని వెలివేసినట్టు చూడకండి. వాళ్లు తాగిందీ మీ నేలలోని నీళ్లే.