మంద లేకుండా జీవామృతం ఒక్కటే చాలదు

పై వీడియోలో మాట్లాడింది మా పెద్దనాయన.

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు ఆయనకు పదేళ్లు. తెర మీద కృష్ణ గారు గుర్రమెక్కిన కౌబాయ్. మా పెద్దనాయన అమ్రాబాద్ దిక్కు చెప్పుల్లేకుండా పసుల వెంట నడిచే జీతగాడు. ఏడాదికిన్ని జొన్నలు, ఒక గొంగడి, అదే జీతం. కాసింది పొడ తూర్పు ఆవులను. ఒంటి మీద పొడలుంటయి కాబట్టి ఆ పేరు.

కోతలైనంక ఆ మందను చేన్లలో దించేవాళ్లు. రాత్రంతా పసులు అక్కడే పండుకునేవి. మర్నాడు పక్క చెక్కకు జరిపేవాళ్లు. చేను ఆసామి మందకింత అని గింజలు కొలిచేవాడు.

ఒక్కసారి లెక్క చూడండి. ఒక ఆవు రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుంది. రాత్రి సగం పడినా 100 పసులకు 500 కిలోలు. మూత్రం అదనం. అది కొట్టం బండల మీద పారిపోకుండా భూమిలోనే ఇంకుతది. మోత లేదు, ట్రాక్టర్ కిరాయి లేదు. తెల్లారి పైపైన దున్నితే చాలు.

జీవామృతం వద్దంటలేను, నేనూ వాడుతున్న. కానీ 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ వేసి చేసేది పాలకు తోడు లాంటిది. పాలే లేకుంటే తోడు దేనికి? చేన్లో సేంద్రియ పదార్థమే ఆ పాలు.

పదేళ్ల పిల్లగాన్ని మళ్లా జీతానికి పెట్టాలని నేను అనను. పెద్దనాయన బడి మొఖం చూడలే, ఆ బాధ ఆయనకు ఇప్పటికీ ఉంది. పసుల కాపరి పని పెద్దోళ్లు సరైన కూలికి చేసే పని కావాలె. ఇప్పుడు అడవిలోకి తోలనియ్యరు, ఊళ్లల్ల బీళ్లు ప్లాట్లయినయి. మేత దొరక్క మందలు అమ్ముకుంటున్నరు. మంద పోతే మన ఎరువూ పోయినట్టే.

అందుకే నా మాట ఒక్కటే. ఊరికి పదిమంది రైతులు కలవండి. కోతలైనంక కొయ్యకాళ్లు కాల్చకండి, మందు కొట్టిన చేన్లోకి పసులను తోలనియ్యకండి. కాపరిని పిలిచి, రాత్రికింత అని ముందే మాట్లాడుకుని, తెల్లారంగనే పైసలు చేతిలో పెట్టండి. ఆవును పూజించే మనం, దాని వెంట నడిచేటోనికి కూలి ఇయ్యకపోతే ఎట్ల?