గాలీలో అమ్మ ఎందుకుంటుంది?

పోయిన నెల అమ్మీని కళ్ల డాక్టరుకి చూపించి స్కూటీ మీద ఇంటికి తీసుకొస్తున్నాను. హిమాయత్‌నగర్ వై జంక్షన్ దగ్గర ఒక కారు అడ్డంగా దూరింది. గట్టిగా బ్రేకు వేశాను. అమ్మీ నా భుజం పట్టుకుని ఎలాగో పడకుండా ఆగింది. గుస్సాలో నా నోట్లోంచి ఒక గాలీ వచ్చేసింది, ఆ కుర్రాడి అమ్మ మీద. వాడు అద్దం దించి అదే గాలీ నాకు తిరిగిచ్చాడు. వాడి అమ్మ అక్కడ లేదు. నా అమ్మీ మాత్రం నా వెనకే కూర్చుని ఉంది.

దారంతా అమ్మీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి బుర్ఖా తీస్తూ ఒకే మాట అడిగింది: "ఉస్కీ అమ్మా తేరా క్యా బిగాడీ బేటా?" తన గురించి కాదు, ఎప్పుడూ చూడని ఇంకో అమ్మ గురించి అడిగింది. మాటలు రాసుకుని బతికేవాణ్ని, నా దగ్గర జవాబు లేదు.

ఉర్దూ మీడియం స్కూల్లో దక్కనీ గాలీలు విన్నాను, తెలుగు డిగ్రీలో చేరాక తెలుగు బూతులు విన్నాను. రెండు జుబాన్ల లెక్కా ఒక్కటే. "నీ యబ్బ" అంటే జనం నవ్వి ఊరుకుంటారు. అందులో నాన్న నడవడి మీద మచ్చ ఏమీ లేదు. అదే అమ్మ మీద, అక్క మీద వచ్చే గాలీ మాత్రం వాళ్ల శీలం మీదికే పోతుంది. "హరామ్‌జాదా" అంటే ఏమిటి? అక్కడ లేని ఒక ఔరత్ మీద తోహ్‌మత్. నలుగురు గవాహీలు లేకుండా అలాంటి తోహ్‌మత్ వేసినవాడికి ఎనభై కొరడా దెబ్బలని సూరా నూర్ నాలుగో ఆయత్ చెబుతోంది. దాన్ని మనం ఛాయ్ తాగుతూ దోస్తుల మధ్య ముద్దుగా వాడేస్తున్నాం.

మగాడి ఇజ్జత్ వాడి పనుల్లో లేదు, ఇంటి ఆడవాళ్ల ఒంట్లో ఉందని మనమే ఊరంతా చాటాం. కూతురు గట్టిగా నవ్వితే "నాక్ కట్ జాయేగీ" అంటాం. మన ముక్కు ఎక్కడుందో మనమే చూపించాక, దుష్మన్ అక్కడే కొడతాడు.

2022 జనవరి 1న 'బుల్లీ బాయి' యాప్‌లో వందమందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలు వేలానికి పెట్టినట్టు పెట్టారు. అందులో మన హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ ఉన్నారు. 2016లో జేఎన్‌యూ నుంచి మాయమైన నజీబ్ తల్లి ఫాతిమా నఫీస్ కూడా ఉన్నారు. కొడుకు కోసం రోడ్డెక్కిన తల్లిని వేలానికి పెట్టడం గాలీ కాక మరేమిటి? ఖౌమ్ మొత్తాన్ని తిట్టాలనుకున్నవాళ్లు ఖౌమ్ ఆడవాళ్లను ఎంచుకున్నారు. మనకి గుస్సా వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ రోజుల్లోనే "అసలు ఫోటోలు ఎందుకు పెట్టుకోవాలి?" అన్న మాట మన దస్తర్‌ఖాన్ల దగ్గరా విన్నాను. ఆ యాప్ చేసినవాళ్లను అమ్మానాన్నలు మీద తిట్టిన మన కుర్రాళ్లనూ విన్నాను. తిట్టింది మళ్లీ ఆడవాళ్లనే.

ఇది కొత్త రోగం కాదు. అబూజర్ గిఫారీ (రజి) అంతటి సహాబీ ఒకరిని వాళ్ల అమ్మ పేరుతో ఎగతాళి చేస్తే, నీలో ఇంకా జాహిలియత్ మిగిలి ఉందని ప్రవక్త (స) మందలించారు. బుఖారీలో ఉన్న సంగతే. తన తల్లిదండ్రుల్ని తానే తిట్టించుకోవడం ఘోరమైన గునాహ్‌లలో ఒకటని కూడా అందులోనే ఉంది. ఎలాగంటే, నువ్వు ఎదుటివాడి తండ్రిని తిడతావు, వాడు నీ తండ్రినీ తల్లినీ తిడతాడు. ఆ హదీస్ చిన్నప్పుడే చదివాను. వై జంక్షన్ దగ్గర అర్థమైంది.

మస్జిద్‌లో బయాన్ వింటే సరిపోదు. కొడుకు ఫోన్లో ఆట ఆడుతూ "తేరీ మా కీ" అంటే "బచ్చా హై" అని వదిలేస్తున్నాం. కూతురి దుపట్టా జారితే మాత్రం ఇంటిల్లిపాదీ చూస్తాం. తర్బియత్ ఇద్దరికీ కావాలి, ముందు కొడుక్కి, అంతకంటే ముందు అబ్బాకి.

ఆ రాత్రి అమ్మీకి మాఫీ చెప్పాను. "ముఝే నక్కో, ఉసే బోల్" అంది. ఆ కుర్రాడు ఎవరో, వాళ్ల అమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. అందుకే ఇది రాశాను.