తొలి మోటారు సైకిలు

మన గోదావరి డెల్టాలో కళాశాల చదువు ముగిసిన కుమారుడు తండ్రి నడుగు మొదటి కోరిక మోటారు సైకిలు. ఇందు తప్పేమియు లేదు. బస్సు పోని లంక గ్రామమునకును, రేవునకును, చేనిగట్టునకును మనుష్యుని చేర్చునది నేడా బండియే. తెల్లవారకముందే రొయ్యల చెరువు చూడబోవు రైతునకును, ఉదయము భీమవరమో అమలాపురమో పోయి సాయంకాలమునకు ఇల్లు చేరవలసిన చిరుద్యోగికిని అది వేడుక గాదు, అవసరము. కావున యువకులు బండి కొనరాదని మేము చెప్పబోము. ఏ బండి కొనవలెననునదే ప్రశ్న. ఈ ప్రశ్నను మనవారు దుకాణములో నిలుచుండి, రంగును, చప్పుడును, నెలవాయిదాను చూచి తేల్చుకొనుచున్నారు. ఇంటిలో కూర్చుండి తేల్చుకొనవలసిన విషయమిది.

న్యాయవాద వృత్తిలో నున్న మాకు మోటారు ప్రమాదములతో చిరపరిచయము కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక రైతు రాజమహేంద్రవరమున మా కచేరికి వచ్చెను. ఆతని కుమారునకు లైసెన్సు చేతికి వచ్చి నెల తిరుగలేదు. ఉన్న యెకరమును తాకట్టు పెట్టి తండ్రి బలమైన బండి కొనియిచ్చెను. వాన వెలిసిన సాయంకాలము కాలువగట్టు మలుపున గేదెల మంద యెదురయ్యెను. బాలుడు ముందు బ్రేకును గట్టిగా బట్టెను. బండి జారి కాలువలో బడెను. బాలుడు దాని క్రిందనే యుండిపోయెను. ఎదుటి వాహనము లేదు. దావా వేయుటకు ప్రతివాదియే లేడు. ఆ సంగతి చెప్పగా ఆ తండ్రి మమ్మడిగిన మాట యొక్కటే: “ప్లీడరు గారూ, మావాడికి లైసెన్సు ఇచ్చింది గవర్నమెంటే కదండీ? నడపగలడనే కదండీ ఇచ్చారు?” ఆనాడు మేము చెప్పలేకపోయిన యుత్తరమును ఇప్పుడు చెప్ప యత్నించుచున్నాము.

లైసెన్సు అనగా నేమి? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండినవాడు ముందు అభ్యాసకుని లైసెన్సు పొందును. ముప్పది దినములు గడచిన పిమ్మట పరీక్ష కేగును. మైదానములో ఎనిమిది అంకె ఆకారమున, తరచుగా ఎవరివద్దనో యెరువు దెచ్చిన చిన్న బండిమీద, కాలు నేల మోపక తిరిగి వచ్చిన చాలును. అటుపిమ్మట వానికి లభించునది “గేరు గల మోటారు సైకిలు” నడుపు హక్కు. ఆ హక్కునకు పై హద్దు లేదు. నూరు సి.సి. బండికిని అదియే, నలుబదికి మించిన అశ్వశక్తిగల బండికిని అదియే. బ్రిటనులో నిట్లు గాదు. అచ్చట పదునేడేండ్లవానికి 125 సి.సి., 11 కిలోవాట్లు మించరాదు. పందొమ్మిదేండ్లకు 35 కిలోవాట్లు. ఇరువదినాలుగేండ్లు నిండినగాని, లేక రెండవ మెట్టుమీద రెండేండ్లు గడపి మరల పరీక్ష నెగ్గినగాని, ఆపైదానిని తాకరాదు. మన చట్టము మెట్లు కట్టక యొక్కసారిగా మేడమీదికి దారి విడిచినది. చట్టము కట్టని మెట్లను ఇల్లు కట్టుకొనవలెను. ఆ తండ్రికి మేము చెప్పవలసిన యుత్తరమిదియే: సర్కారు ఇచ్చినది అనుమతి, నేర్పును ఇయ్యలేదు.

ఇక మన బాటలు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు నలుదెసల వ్యాపించినవి. త్రవ్విన మన్ను గట్టుగా నిలిచినది. పల్లపు భూమిలో మెరకగా నున్నది ఆ గట్టే గనుక దారియు దానిమీదనే పడినది. ఒకవైపు నీరు, ఒకవైపు చేను, నడుమ ఇరుకు బాట, పెక్కుచోట్ల పిట్టగోడయైన లేదు. కోతల కాలమున సగము రోడ్డుపై ధాన్య మారబోయుదురు. చేపల లారీ కార్చిన నీరు మలుపున జారుడు కల్పించును. లాకులవద్ద హఠాత్తుగా మెరక, వెంటనే పల్లము. ఇట్టి బాటపై గంటకు 40 కిలోమీటర్లు పోవువాడు క్షణమునకు 11 మీటర్లు పోవుచున్నాడు. 80 పోవువాడు 22 మీటర్లు. ఆపదను గుర్తించుటకు ఒక క్షణము పట్టినచో ఆ దూరము వ్యర్థమే. అటుపిమ్మట బ్రేకు పట్టి ఆగుటకు, వేగము రెండింతలైన, దూరము నాలుగింతలగును. కాలువగట్టు మలుపులో అంత చోటెక్కడిది?

కావున తొలి బండికి మేము చెప్పు లక్షణములు నాలుగు. మొదటిది బరువు. దానిపై కూర్చుండగా రెండు పాదములును నేలపై నిండుగా మోపవలెను. దిగి, ఒక్కడే వెనుకకు నెట్టగలుగవలెను. బురదలో ఒరిగిన బండిని నిలుపలేనివాడు దానికి యజమాని కాడు. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండరు వంటిది రమారమి 112 కిలోలు తూగును; 350 సి.సి. బుల్లెట్టు 190 కిలోలకు మించును. బుల్లెట్టు మంచి బండి కాదని మేమనుట లేదు. అది రెండవ బండి యనుచున్నాము.

రెండవది శక్తి. సి.సి. అంకె యొక్కటి చూచి మోసపోరాదు. 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100, పేరునకు నూరు సి.సి.యే, కాని పదకొండు అశ్వముల బలము గలది. అదే పరిమాణముగల స్ప్లెండరునకు ఎనిమిది మాత్రమే. మా యౌవనములో ఎందరి మోకాళ్లకో ఆ తారతమ్యము తెలిసినది. క్రొత్తవానికి ఎనిమిది మొదలు పదకొండు అశ్వములు చాలును.

మూడవది బ్రేకు. 2019 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలైన నియమము ప్రకారము 125 సి.సి.కి మించిన బండ్లకు చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఉండవలెను; అంతకు లోబడినవానికి రెండు బ్రేకులును కలిసి పట్టు ఏర్పాటైన చాలును. జారిన చక్రమే ప్రాణము తీయు మన తడి బాటలలో ఇది చిన్న విషయము గాదు. అనుదినము జాతీయ రహదారి నెక్కవలసినవాడు దానికొరకు 150 సి.సి. వరకు పోయినను మేమాక్షేపింపము. ఆ సంవత్సరమునకు ముందటి పాత బండి కొనువాడు ఇది లేదని తెలిసి కొనవలెను.

నాలుగవది కాగితములు. బండి ఎవడు నడుపునో వాని పేరనే యుండవలెను; యజమాని స్వయముగా నడుపునప్పుడు వర్తించు 15 లక్షల ప్రమాద బీమా, తండ్రి పేరనున్న బండిని కుమారుడు నడుపునెడల కుమారునికి వర్తించదు. పాత బండి కొన్నవాడు, అమ్మినవాడు రిజిస్ట్రేషను మార్పించు వరకు నిద్రపోరాదు. రికార్డులో పేరున్నవాడే బాధ్యుడని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది.

శిరస్త్రాణము మాట వేరుగా చెప్పవలెనా? అది మరణములను నూటికి 42 వంతులు, తల గాయములను 69 వంతులు తగ్గించునని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చిరి. 2022లో మన దేశమున రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలుబది నలుగురు ద్విచక్ర వాహనములపైవారు. లక్ష రూపాయల బండి కొని శిరస్త్రాణమునకు వేయి రూపాయలు బేరమాడువాని వివేకము నేమనవలెను?

చిన్న బండి యెక్కిన స్నేహితులు నవ్వుదురని యువకులు మాతో ననుచుందురు. నవ్వువారు ఆసుపత్రికి వచ్చి రాత్రులు కూర్చుండరు. మరియొక మాట. వివాహములలో అల్లునికి బండి, అందును పెద్ద బండి, అడుగు దురాచారము మన జిల్లాలలో నున్నది. 1961 చట్టము ప్రకారము అది నేరము. ఆపైన, తన కుమార్తె పసుపు కుంకుమలకు ముప్పు తెచ్చు వస్తువును మామయే అప్పుచేసి కొనియిచ్చుట యెంతటి విపరీతము!

తండ్రులారా, తొలి రెండేండ్లు చిన్న బండి. వాన, రాత్రి, వెనుక మనిషి, బరువు, ఈ నాలుగును దానిమీద నేర్చిన పిమ్మట పెద్దది. ఈ నియమమును మీ యింటి చట్టముగా చేసికొనుడు. శాసనకర్తలు దేశమునకును అట్టి మెట్లు కట్టవలెనని ప్రజలు గట్టిగా నడుగవలెను. యువకులారా, బలమును వశపరచుకొనువాడే బలవంతుడు గాని బలము వీపున నెక్కినవాడు గాడు. తొలి బండి మీకు గురువు. గురువును ఎన్నుకొనునట్లు దానిని ఎన్నుకొనుడు.