సున్నా చెయ్యకండి బాబూ!

పాత మోటారు సైకిళ్ళకి మళ్ళీ మంచి రోజులొచ్చాయి. నిన్నమొన్నటి దాకా పెరట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకోవటానికి తప్ప ఎందుకూ పనికిరాని బుల్లెట్టు ఇవాళ వరండాలో పెళ్ళికూతురిలా ముస్తాబై నిలబడుతోంది. టాంకుకి కొత్త రంగు, సైలెన్సరుకి మెరుగు, సీటుకి కొత్త తోలు. సంతోషమే. మగవాళ్ళు ఆదివారం పూట పేకాట మానేసి చేతులకి గ్రీజు పూసుకుంటామంటే కాదనటానికి నేనెవర్ని? నా తగువల్లా ఒక్క వస్తువు దగ్గరే. హెడ్‌లైటు నెత్తిమీద గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉంటుందే, ఆ మీటరు దగ్గర.

దాన్ని బాగుచేయిస్తున్నామని చెప్పి మనవాళ్ళు చేయిస్తున్నదేమిటో తెలుసా? పాతది పీకి పారేసి, అలాంటిదే కొత్తది తెచ్చి బిగించటం. లేదా పాతదానికే కొత్త ముఖం అతికించి, తిరిగిన దూరం చూపించే అంకెలన్నీ సున్నాకి తిప్పెయ్యటం. పైగా దానికి "రెస్టోరేషన్" అని పేరు!

నవలలు రాసుకునేదానికి మీటర్ల గొడవెందుకూ అంటారేమో. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. చరిత్ర చదివినవాళ్ళకో పాడలవాటు ఉంటుంది. పాత దస్తావేజు మీద ఎవరైనా అంకెలు దిద్దుతుంటే చూస్తూ ఊరుకోలేరు. ఈ మీటరు నా దృష్టిలో దస్తావేజే.

ముందు అదేమిటో చెప్పనివ్వండి. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో 1950ల నడిమిలో బుల్లెట్ల తయారీ మొదలైనప్పుడు విడిభాగాలు ఇంగ్లండు నుంచే వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లకి స్పీడోమీటర్లు చేసిన పేరున్న కంపెనీ స్మిత్స్. వాళ్ళు మొదట లండన్‌లో గడియారాల వాళ్ళు. అందుకే వాళ్ళ "క్రోనోమెట్రిక్" మీటరు విప్పి చూస్తే లోపల నిజంగా గడియారమే కనిపిస్తుంది. చక్రం దగ్గర్నుంచి ఒక కేబులు తిరుగుతూ పైకొస్తుంది. సెకనులో కొంత భాగం సేపు అది ఎన్ని చుట్లు తిరిగిందో లోపలి మర లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం ముల్లుని జరుపుతుంది. మళ్ళీ లెక్క, మళ్ళీ జరపటం. అందుకే దాని ముల్లు జారదు, గెంతుతుంది. తర్వాత వచ్చినవి అయస్కాంతం మీటర్లు. తిరిగే అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెని తనతో లాగబోతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ ఇద్దరి పెనుగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. అత్తాకోడళ్ళ మధ్య మగవాడిలా అన్నమాట!

ఇలాంటి మర పాడైతే కారణం చాలాసార్లు చిన్నదే. కేబులుకి ఎవరో ఉదారంగా గ్రీజు పట్టించి ఉంటారు. కేబులు మెలి తిరుగుతుంటే ఆ గ్రీజు పైకి పాకి మీటరు లోపలికి చేరి, ఏళ్ళ తరబడి ఎండి జిగురైపోతుంది. కుట్టుమిషనుకి చుక్క నూనె చాలదని చెంచాడు పోస్తే ఏమవుతుందో మనకి తెలియదూ? ఇదీ అంతే. అంచు రేకు జాగ్రత్తగా విప్పి, ఎండిన గ్రీజు తీసి, శుభ్రం చేసి, గట్టిపడిన రబ్బరు మార్చి, చుక్క నూనె వేస్తే చాలా మీటర్లు లేచి కూర్చుంటాయి. ఈ పని చెయ్యగల చెయ్యి వీధి చివర గడియారాలు బాగుచేసే పెద్దాయనది. పెళ్ళికొడుక్కి హెచ్.ఎం.టి. వాచీ పెట్టటం మర్యాదైన రోజుల్లో ఆయన బల్ల ముందు జనం ఉండేవారు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసెయ్యటానికి ప్రభుత్వం 2016 లో ఒప్పుకుంది. ఆయన కంటికి భూతద్దం ఇంకా ఉంది, చేతిలో పనే లేదు. మనం మాత్రం నకిలీ మీటరుకి డబ్బులు పోసొస్తాం.

"ఎవరి బండి వారిష్టం, మీకేం నొప్పి?" అనే వాళ్ళున్నారు. నొప్పి ఎక్కడో చెబుతాను.

మా మామగారు పశువుల డాక్టరు. 1968 లో పాత బుల్లెట్టొకటి కొని, ముప్ఫై ఏళ్ళు దానిమీదే ఊళ్ళు తిరిగారు. దాని మీటరు మైళ్ళది. ఆయన పోయాక మా మరిది ఆ బండిని ముచ్చటపడి షెడ్డుకిచ్చాడు. షెడ్డు పేరెందుకు లెండి. బండి తళతళలాడుతూ ఇంటికొచ్చింది. మా అత్తయ్య చుట్టూ తిరిగి చూసి, మీటరు దగ్గర ఆగిపోయింది. అయిదు సున్నాలు.

"మీ నాన్న తిరిగిందంతా ఏదిరా?" అంది.

"కొత్తది వేశారమ్మా. పాతది పని చెయ్యట్లేదుగా!"

"పని చెయ్యకపోతే? ఆయన భుజం మీంచి దాన్ని చూస్తూనే కూచునేదాన్ని. ముల్లు నలభై దాటితే గిల్లేదాన్ని. ఇవ్వమను."

మా మరిది షెడ్డుకి పరిగెత్తాడు. పాత ఇనుములో వేసేశారట. అర్ధరాత్రి ఈనలేక అవస్థపడే గేదె కోసం వానలో వెళ్ళిన మైళ్ళు, అత్తయ్యని పురిటికి తీసుకెళ్ళిన మైళ్ళు, అన్నీ తూకానికి పోయాయి. "సారీ వదినా, నాకు ఒక్క మాటైనా చెప్పలేదు" అన్నాడతను. చెప్పరు. ఎందుకంటే ఆ అంకెలు ఎవరివైనా అవుతాయని వాళ్ళకి తోచదు.

ఇది కన్నీళ్ళ విషయమే అనుకోకండి, మోసం విషయం కూడా. అమ్మబోయే బండి మీటరు వెనక్కి తిప్పటం నేరమని అమెరికాలో 1972 లోనే చట్టం చేశారు. మన దగ్గర 2021 లో పాతబండ్లకి ప్రత్యేక నిబంధనలొచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి "వి.ఏ." అక్షరాలతో వేరే నంబరిస్తారు. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదన్నారు. మీటరు ఊసు మాత్రం లేదు. అంటే దాన్ని మన మనస్సాక్షికే వదిలేశారు. అదెంత గట్టిదో చూస్తున్నాంగా!

ఇంకొందరు మైళ్ళ మీటరుకి కిలోమీటర్ల ముఖం గీయిస్తారు. లోపలి మర మైళ్ళదే. ముల్లు 40 దగ్గరుంటుంది, బండి 64 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. వెనక సీట్లో కూర్చునేది ఎవరు? మనమే కదా!

అన్నిటికంటే ముఖ్యమైన మాట, మన ఆడవాళ్ళతో చెప్పి తీరాల్సిన మాట, మరొకటుంది. ఆ కాలపు కొన్ని డయళ్ళ మీద అంకెలు చీకట్లో మెరవటానికి రేడియం కలిపిన రంగు వేశారు. ఇప్పుడు బండ్లకి అంటించే "రేడియం స్టిక్కర్ల" లాంటిది కాదు, వాటిలో రేడియం ఉండదు. ఇది అసలైన రేడియం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఆరెంజ్ అనే ఊళ్ళో గడియారాల డయళ్ళకి ఆ రంగు వేసినవాళ్ళు ఆడపిల్లలు. కుంచె మొన సన్నగా రావటానికి పెదాలతో తడుపుకోమని నేర్పారు. ప్రమాదమేం లేదన్నారు. ఆ పిల్లల దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, ఎందరో చనిపోయారు. అయిదుగురు దావా వేస్తే 1928 లో రాజీ కుదిరింది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 సంవత్సరాలు పడుతుంది. పాత డయలు ఇప్పుడు మెరవట్లేదంటే మెరిసే పదార్థం అరిగిపోయిందనే అర్థం. విషం అక్కడే ఉంది.

అద్దం బిగించి ఉన్నంతకాలం ఆ పొడి లోపలే ఉంటుంది. కొత్త ముఖం పిచ్చిలో దాన్ని విప్పి, భోజనాల బల్ల మీద పెట్టి, మన కూరగాయల కత్తితో అంకెలు గీకారనుకోండి! ఆ పొడి ఎగిరి పడేది పిల్లల కంచాల్లో. కనక అంకెలు మెరిసే రకం పాత మీటరు ఇంట్లో విప్పనివ్వకండి. తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వాలి, అదీ రేడియం ఉండొచ్చని ముందే చెప్పి.

పాడైన మీటరుతో బండి నడపమని నేననటం లేదు. లోపలి మర బాగుచేయించండి, వెలిసిన ముఖాన్ని అలాగే ఉంచండి. మరీ బాగుపడనిదైతే కొత్తది వేసుకోండి. కానీ పాతదాని అంకె, తేదీ ఒక కాగితం మీద రాసి బండి పుస్తకంలో పెట్టండి. పాత మీటరు విప్పకుండా, బాగా మూతబెట్టి, పిల్లలకి అందని చోట దాచండి.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు త్వరలో "మీటరు రెస్టోర్ చేయించాలి, కాస్త డబ్బివ్వు" అంటారు. బీరువా తెరిచే ముందు మూడే మూడు ప్రశ్నలడగండి. బాగుచేసేది మరనా, ముఖాన్నా? అంకెలు ఉంటాయా, పోతాయా? డయలు మీద రేడియం ఉందేమో ఎవరైనా చూశారా? జవాబు సరిగ్గా రాకపోతే తాళాలు కొంగుకే ఉండనివ్వండి.